మీరు ఏ సంవత్సరం వచ్చారు?

మయామీలో క్యూబా వాళ్లు ఇద్దరు కొత్తగా కలిస్తే పేరు తర్వాత అడిగేది ఇదే. మేం 1980లో వచ్చాం, కానీ నేను చాలా ఏళ్లు "మావాళ్లు 1970లో విమానంలో వచ్చారు" అని చెప్పుకు తిరిగాను.

1980 ఏప్రిల్‌లో హవానాలోని పెరూ ఎంబసీలోకి పది వేల మంది దాకా దూరిపోయారు. దాంతో కాస్ట్రో, పోయేవాళ్లు మరియెల్ రేవు నుంచి పొమ్మన్నాడు. మయామీ నుంచి మావయ్య రొయ్యల పడవ మాట్లాడుకుని మా కోసం వచ్చాడు. మేం వెళ్తున్నామని తెలియగానే వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరి 'ఎస్కోరియా', అంటే చెత్త అని అరుస్తూ గుడ్లు విసిరారు. తలుపు వెనక అమ్మమ్మ గొణుగుతోంది, "రేషన్ గుడ్లు, ఎంత దండగ!" అని. నాకప్పుడు ఎనిమిదేళ్లు, భయంలోనూ నవ్వొచ్చింది.

పడవలో మేం అయిదుగురమే, మిగతావాళ్లంతా అధికారులు ఎక్కించిన ముక్కూమొహం తెలియనివాళ్లు. అక్టోబరు లోపల అలా 1,25,000 మంది వచ్చాం. అందులో జైళ్ల నుంచి తెచ్చి ఎక్కించినవాళ్లూ కొందరున్నారు, ఇంకేముంది, 'మరియెలీతో' అంటే నేరస్థుడే అని అందరికీ ముద్ర పడింది. అమెరికన్లు అన్నారంటే సరే, అరవైల్లో వచ్చిన మావాళ్లే ఎక్కువ అన్నారు. మయామీ పక్కనే ఉన్న హయలియాలో ఒకావిడ ఇల్లు చూపించి, అడ్వాన్స్ కూడా మాట్లాడి, మేం వచ్చిన సంవత్సరం వినగానే ఇల్లు లేదంది. నా అబద్ధం ఆ రోజే మొదలైంది.

ఇక కాగితాలు. మా పత్రాల మీద 'స్టేటస్ పెండింగ్' అని ఉండేది. క్యూబా వాళ్ల కోసం 1966లో చేసిన చట్టం మాకూ వర్తిస్తుందని 1984లో తేలింది, మరుసటేడు గ్రీన్‌కార్డులకి పెట్టుకున్నాం. అమ్మ బట్టల ఫ్యాక్టరీలో మిషన్ మీద ఉండేది కాబట్టి అమ్మమ్మని ఆఫీసులకి తిప్పడం, ఆవిడ మాటల్ని ఇంగ్లీషులో చెప్పడం నా వంతు. వాళ్లు అడిగింది ఒకటైతే ఆవిడ చెప్పేది రామాయణం, నేను దాన్ని రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని.

పౌరసత్వం ఆవిడకి బాగా ఆలస్యమైంది. వయసు 55 దాటి, గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్లు ఉంటే పరీక్ష సొంత భాషలో ఇవ్వొచ్చు, అందుకని ఆగింది. ఇంటర్వ్యూకి వెళ్తూ దారిలో కాఫీ కిటికీ దగ్గర ఆగాం, అక్కడ కౌంటర్‌కి బదులు వీధి వైపు కిటికీలోంచే చిక్కటి తీపి కాఫీ ఇస్తారు. లోపలున్నావిడ మామూలు ప్రశ్నే వేసింది. నేను డెబ్బై అనబోతుంటే అమ్మమ్మ నన్ను పక్కకి నెట్టి, "ఎనభై. పడవలో," అంది.

ఆవిడ చేతిలో పని ఆపి, "మాది మే నెల. మీరు?" అంది.