మా బావమరిది డ్రంకెన్ డ్రైవ్ కేసు: నాంపల్లి కోర్టు నుంచి వీసా ఫారం దాకా

మద్యం తాగి వాహనం నడిపిన కేసును హైదరాబాదులో చాలామంది ఇప్పటికీ కాస్త పెద్ద చలానాగానే లెక్కిస్తారు. హెల్మెట్ లేనందుకు పడ్డ జరిమానాను ఫోన్‌లో కట్టినట్టే ఇదీ కట్టేస్తే తీరిపోతుందని మా బావమరిదికి అతని స్నేహితులు ధైర్యం చెప్పారు. మోటారు వాహనాల చట్టంలో అధికారి దగ్గరే రుసుము కట్టి ముగించుకోదగిన నేరాలు కొన్ని ఉన్నాయి గానీ, తాగి నడపడాన్ని శిక్షించే 185వ సెక్షన్ వాటిలో లేదు. కోర్టుకు వెళ్లి తీరాలి. అక్కడ నేరం ఒప్పుకుంటే, పడేది జరిమానా ఒక్కటే అయినా, అది శిక్ష పడ్డ కేసుగానే రికార్డుకెక్కుతుంది.

శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో తనిఖీ చేస్తూ అతన్ని ఆపి ఊదించారు. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు కాగా, యంత్రం చూపిన రీడింగ్ 96. కారు నా పేరున ఉండటంతో నాకు కబురు వచ్చింది. నేను చేరేసరికి పోలీసులు ఒక్కొక్కరికీ కవరు చింపి కొత్త గొట్టం తగిలించి ఊదిస్తున్నారు. బస్సు టికెట్టులా బయటికి వచ్చిన చీటీ మీద సంతకం తీసుకుంటున్నారు. "బావా, రెండు బీర్లే తాగాను, నువ్వైనా చెప్పు" అని అతను నన్ను బతిమాలాడు. ఆ మాట విన్న ఎస్సై, "ఎన్ని తాగారో మేం అడగడం లేదండీ, అంకె ఎంత వస్తే అంతే రాసుకుంటాం" అన్నారు. అందులో వాదించడానికి నాకేమీ కనిపించలేదు.

తాగి నడిపారన్న కారణంతో పోలీసులు వాహనాన్ని జప్తు చేయరాదని, తాగని మనిషి లైసెన్సుతో వస్తే అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021లో ఆదేశించింది. ఆ ప్రకారం ఆర్సీ, నా లైసెన్సు చూపించి కారును ఆ రాత్రే ఇంటికి తెచ్చాను. అయితే కారు ఇంటికొచ్చినంత మాత్రాన కేసు పోయిందనుకోవడం పొరపాటు.

తరువాతి మెట్టు గోషామహల్‌లోని ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్. కుటుంబ సభ్యుల్లో ఒకరిని వెంట తెచ్చుకోవాలన్నారు. మా మామగారికి ఈ సంగతి తెలియనివ్వద్దని అతను వేడుకోవడంతో నేనే వెళ్లాను. ప్రమాదాల వీడియోలు వేశారు, చట్టం వివరించారు; అవి మామూలే. నా ముందు వరుసలో అరవై దాటిన పెద్దాయన ఒకరు కొడుకు పక్కన కూర్చుని, చేతిలోని ఆధార్ జిరాక్సును సన్నగా చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం తప్ప ఆ గంటసేపూ తల పైకెత్తలేదు. కుటుంబ సభ్యుణ్ణి ఎందుకు రమ్మంటారో ఆయన్ని చూస్తే అర్థమైంది.

నాంపల్లి కోర్టులో మా వంతు కోసం చాలాసేపు వేచి ఉన్నాం. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు; మళ్లీ పట్టుబడితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 15,000. 2019 సెప్టెంబరు 1న సవరణ అమలులోకి రాకముందు తొలి నేరానికి జరిమానా 2,000 రూపాయలే కాబట్టి, పాత లెక్కలు చెప్పి ఊరడించే సలహాదారులను నమ్మకూడదు. మాకంటే ముందు పిలిచిన వ్యక్తి రెండోసారి దొరికినవాడు. కొద్ది రోజుల జైలు శిక్ష పడగానే వాచీ, ఫోన్, పర్సు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. ప్రభుత్వోద్యోగికైతే ఆ కొద్ది రోజులే ఎక్కువ, ఎందుకంటే నిర్బంధం 48 గంటలు దాటితే సర్వీసు నిబంధనల ప్రకారం సస్పెండైనట్టే లెక్క. మా బావమరిది నేరం ఒప్పుకున్నాడు. 10,000 రూపాయల జరిమానా వేసి, కోర్టు లేచేదాకా అక్కడే ఉండాలన్నారు. లైసెన్సును ఆరు నెలలపాటు రద్దులో ఉంచారు. ఈ సెక్షన్ కింద శిక్ష పడితే చట్టం చెప్పే కనీస గడువు అదే. ఆ గడువులో బండి తీస్తే మరో నేరమవుతుంది, దానికి మూడు నెలల దాకా జైలుంది.

వరండాలో పరిచయమైన ఒకాయన బైకుతో డివైడర్ను ఢీకొట్టి పట్టుబడ్డారట. బండి మరమ్మతుకు బీమా కంపెనీ పైసా ఇవ్వలేదు. మత్తులో నడిపితే సొంత నష్టానికి పరిహారం ఉండదన్న షరతు పాలసీలోనే ఉంటుంది. అదే ఎదుటివాళ్లకు దెబ్బ తగిలి ఉంటే, బాధితులకు ముందు బీమా కంపెనీ చెల్లించినా, ఆ సొమ్మును తిరిగి ఈయన దగ్గరే వసూలు చేసుకునే వీలుంది.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. మా బావమరిదిని కంపెనీ అమెరికా ప్రాజెక్టుకు పంపాలనుకుంది. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏ నేరానికైనా శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంది. "లేదు" అని పెట్టేయమని ఒక కన్సల్టెంటు తేలిగ్గా చెప్పాడు. నేను ఒప్పుకోలేదు, అబద్ధం బయటపడితే అది తాగి నడపడం కంటే పెద్ద గొడవై, జీవితాంతం వీసా రాకుండా పోయే ప్రమాదముంది. కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు ధ్రువీకృత ప్రతి తీసుకున్నాం, జరిమానా రశీదు జత చేశాం, "అవును" అనే నింపించాను. గత ఐదేళ్లలో మద్యానికి సంబంధించిన అరెస్టు ఒక్కటున్నా కాన్సులేటు తాను గుర్తించిన వైద్యుడి దగ్గరకు పంపుతుంది. ఆ పరీక్షలో తాగుడు అలవాటు ఎంత, ఎన్నాళ్లుగా అన్న ప్రశ్నలతో అతన్ని ఇంటర్వ్యూ కంటే ఎక్కువగా కుదిపారు.

వీసా చివరికి వచ్చింది. కానీ వైద్యుడి నివేదిక వెళ్లి పాస్‌పోర్టు చేతికి వచ్చేలోగా ఆ ప్రాజెక్టుకు అతని జట్టులోని మరొకరిని పంపేశారు. తీర్పు ప్రతి, రశీదు ఉన్న ఫైలును అతను పారేస్తానంటే నేను పడనివ్వలేదు. వీసా మళ్లీ పెట్టుకున్న ప్రతిసారీ ఆ ప్రశ్నకు అవే జవాబు.