బ్యాటరీ మార్చాక మొదలైన వణుకుడు: నా అనుభవం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కారు బ్యాటరీ మార్చడం పావుగంట పని. మార్పించాను, డబ్బులిచ్చాను, అంతవరకు ఏ గొడవా లేదు.

స్టార్ట్ చేయగానే ఇంజిన్ వేగం చూపే ఆర్పీఎం ముల్లు 600కి పడిపోయి, 1100కి లేచి, మళ్లీ పడిపోతోంది. స్టీరింగ్ చేతిలో వణుకుతోంది. షాపతను తొంగి చూసి "కొత్త బ్యాటరీ కదండీ, సర్దుకుంటాది" అన్నాడు. సర్దుకోలేదు. ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోతోంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర క్లచ్ తొక్కినా ఆగిపోతోంది. బజారు మధ్యలో ఆగినప్పుడు వెనకున్న బస్సు డ్రైవరు తిట్లు ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు.

అదైనా నయం. అసలు అవమానం కంపెనీ సర్వీస్ సెంటర్లో జరిగింది. ఏ ఊరో ఎందుకులెండి. టై కట్టుకున్న కుర్రాడు బానెట్ ఎత్తలేదు. ఓడీ (ఒడిశా) నంబరు ప్లేటు కేసి చూసి, "బయట బ్యాటరీ వేయిస్తే ఇంతే సార్, ఈసీఎం పోయి ఉంటుంది" అన్నాడు. ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. స్కాన్ చేశారా అంటే, "చెప్పినా మీకు అర్థం కాదు సార్" అని ట్యాబ్‌లో తల దూర్చాడు. అదీ మా బావమరిది ముందు! మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు: కొత్త థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ప్లేటుతో అదుపు చేసే భాగం), 20 వేల పైచిలుకు. ఈసీఎం సంగతి తర్వాత చూస్తారట. "ఇచ్చేయండి బావా, పెద్ద కంపెనీ కదా" అంటాడు మావాడు. అనంతగిరి ఘాట్‌లో అంబాసిడర్ దించినవాణ్ణి నేను, నాకు అర్థం కాదా? తాళం తీసుకుని వచ్చేశాను.

పాతపట్నంలో ఒక మేస్త్రి ముందు టెర్మినళ్లు కదిపి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. మీటరు పెడితే ఛార్జింగ్ 14 వోల్టుల పైనే, అదీ బాగానే ఉంది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి టార్చి వేశాడు. థ్రాటిల్ ప్లేటు అంచు చుట్టూ తారు పూసినట్టు మసి. "ఇదిగో బాబూ, మీ ఈసీఎం" అన్నాడు.

సంగతేమిటంటే, మసి పేరుకునే కొద్దీ ఇంజిన్ కంప్యూటర్ ప్లేటును కాస్త కాస్త ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. బ్యాటరీ తీస్తే చాలా బండ్లలో ఆ లెక్క చెరిగిపోయి, ప్లేటు మళ్లీ కొత్త బండిలో తెరిచినంతే తెరుచుకుంటుంది. మసి అడ్డం ఉంది కాబట్టి గాలి చాలదు.

క్లీనర్ గుడ్డకి పట్టించి తుడిచాడు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ప్లేటును వేలితో బలంగా నెట్టకూడదట. తర్వాత కంప్యూటర్ ఆ లెక్క మళ్లీ నేర్చుకోవడానికి ఏసీ, లైట్లు అన్నీ ఆపి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా వదిలేశాం. ఇంకో పది నిమిషాలు అలాగే ఉంచి, ఏసీ వేసి మరికాసేపు. ముల్లు 750 దగ్గర కుదురుకుంది. కొన్ని మోడళ్లకి ఈ నేర్పుడు స్కానర్‌తోనే చేయాలి. ఇంత చేసినా ఊగుతుంటే ఎక్కడైనా వ్యాక్యూమ్ గొట్టం ఊడిందేమో చూడండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూస్తానని ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేవాణ్ణి బండి దగ్గరికి రానివ్వకండి. అలా చేస్తే ఈసీఎం నిజంగానే పోవచ్చు.

బ్యాటరీ మార్చాక డ్రైవర్ వైపు కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం కూడా మానేసింది. అద్దం పూర్తిగా మూసుకున్నాక స్విచ్‌ని కొన్ని సెకన్లు అలాగే ఎత్తి పట్టుకుంటే సర్దుకుంది. టై కుర్రాడైతే దీనికీ కొత్త మోటారు రాసేవాడు.