మొలతాడు బిళ్ళ: నాలుగో నమూనా దాకా

పాప చెప్పు ఒకటి మూడో రొయ్యల గుంటలో, నీటికి గాలి అందించే ఏరేటర్ పక్కన తేలుతోంది. పాప మాత్రం షెడ్డులో మంచం కింద కూర్చుని ఆడుకుంటోంది. ఆ సంగతి తెలిసేలోపు రెండు నిమిషాలు వాళ్ళమ్మ పడ్డ యాతన కళ్ళారా చూశా. పిల్ల నీళ్ళలో పడితే హారన్ మోగించే ఈ బిళ్ళ పని మొదలైంది ఆ రోజే.

నాది ఏరేటర్ల స్టార్టర్లు, ప్యానెళ్ళు రిపేరు చేసే పని. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మైపాడు వైపు గుంటలు చాలావరకు నా చేతిలోవే. చాలాచోట్ల కాపలా కుటుంబం గట్టు మీదే రేకుల షెడ్డులో కాపురం ఉంటుంది. వాకిలి దాటి పది అడుగులు వేస్తే నీళ్ళు. లోతు నాలుగైదు అడుగులు, అంచు పొడవునా నల్లటి ప్లాస్టిక్ షీటు. పాచి పట్టిన ఆ షీటు మీద నేనే రెండుసార్లు జారా, తాడు లేకుండా పైకి రాలేకపోయా. ఆ పాపకు రెండున్నరేళ్ళు.

నీళ్ళలో పడ్డ పిల్ల అరుస్తుందిలే, వినపడుతుందిలే అనుకుంటాం. అరవదు. ఊపిరికే దిక్కులేనప్పుడు గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? చప్పుడు లేకుండా నిమిషంలోపే మునిగిపోతుంది. 2021లో ప్రపంచం మొత్తం మీద నీట మునిగి చనిపోయినవాళ్ళు సుమారు 3 లక్షల మందని, అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. పాప తరఫున అరిచే వస్తువు ఒకటి కావాలి, అంతే.

జనవరి

మొదట గాలి సంచి చేద్దామనుకున్నా. నీళ్ళు తగలగానే చిన్న కార్బన్ డయాక్సైడ్ సీసా పగిలి సంచి ఉబ్బాలి. 16 గ్రాముల సీసా నుంచి దాదాపు 8 లీటర్ల గ్యాసు వస్తుంది, ఆ పాపను తేల్చడానికి కావలసినదానికంటే ఎక్కువే. కానీ నడుము దగ్గర ఉబ్బితే నడుము లేస్తుంది, తల కిందికి పోతుంది. లైఫ్ జాకెట్‌లో ఫోమ్ ఎక్కువగా ఛాతీ మీద, మెడ దగ్గర పెట్టేది ముఖం పైకి తిరగడానికే. రోజంతా జాకెట్ వేసుకునే రెండున్నరేళ్ళ పిల్లను మీరు చూశారా? ఆ ఆలోచన అక్కడితో ఆపేశా. తేల్చే పని కాదు, పిలిచే పని చేద్దాం.

ఎక్కడ కట్టాలి? మెడలో వేస్తే ఎక్కడైనా తగులుకుని బిగుసుకుంటుందని భయం. చేతికి కడితే బకెట్టులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ గోల. మన పిల్లల ఒంటి మీద ఎప్పుడూ తీయనిది ఒకటే, మొలతాడు. తాయెత్తు ఉన్నచోటే బిళ్ళ కూడా.

ఫిబ్రవరి

మొదటి నమూనా ఈఎస్‌పీ32 అనే వైఫై, బ్లూటూత్ చిప్పుతో. రేడియో ఆగకుండా నడిస్తే 500 ఎంఏహెచ్ బ్యాటరీ పూట కూడా రాలేదు. రెండోది తక్కువ కరెంటు తాగే ఎన్‌ఆర్‌ఎఫ్52 బ్లూటూత్ చిప్పు, ఒక సీఆర్2032 బిళ్ళ సెల్లు. అర సెకనుకోసారి "ఉన్నా" అని ఒక చిన్న బ్లూటూత్ మాట పంపి నిద్రపోతుంది. సగటున 25 మైక్రో ఆంపియర్లు. ఈ లెక్కన దాదాపు ఏడాది రావాలి.

ఇందులో కిటుకు ఏమిటంటే, నీళ్ళలో పడ్డాక బిళ్ళ ఏమీ చెప్పక్కర్లేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీటిలో బెత్తెడు దూరం పోయేసరికే చచ్చిపోతుంది, ఉప్పునీటిలో అయితే ఇంకా త్వరగా. కాబట్టి "ఉన్నా" అనే మాట ఆగిపోవడమే కబురు. షెడ్డు మీద ఒకటి, గట్టు స్తంభాల మీద రెండు రిసీవర్లు పెట్టా. మూడింటికీ 3 సెకన్లు వినపడకపోతే హారన్. మాట నెమ్మదిగా సన్నబడుతూ పోతే పాప దూరం వెళ్ళినట్టు, అప్పుడు చిన్న గంట మాత్రమే. గట్టిగా వినపడుతూ టక్కున ఆగితే పెద్ద హారన్.

పరీక్షకు పాపను వాడలేను కదా. పది లీటర్ల క్యాను నిండా గుంట నీళ్ళు నింపి బిళ్ళ కట్టా. ఉప్పునీటి క్యాను రేడియోను అడ్డుకోవడంలో మనిషి ఒంటికి దగ్గరగానే ఉంటుంది. అడుగున ఇటుక కట్టి ఇరవైసార్లు తోశా. పంతొమ్మిదిసార్లు 4 సెకన్లలోపు హారన్ మోగింది. ఇరవయ్యోసారి క్యాను షీటు అంచున తట్టుకుని, బిళ్ళ పైకే ఉండిపోయింది. అప్పుడు మోగకపోవడమే సబబు.

మార్చి

ఇక తప్పుడు కూతలు. రోజుకు రెండుసార్లు స్నానం, రెండుసార్లూ హారన్. "అన్నా, నీ బిళ్ళ మళ్ళా అరస్తా ఉండాది" అని ఫోను. షెడ్డు గోడకు స్నానం బటన్ పెట్టా. నొక్కితే పది నిమిషాలు ఊరుకుంటుంది, తర్వాత దానంతట అదే కాపలాకు వచ్చేస్తుంది. మళ్ళీ ఆన్ చేసే పని మనిషికి వదిలితే ఒకరోజు మర్చిపోతారు.

తడి తెలియడానికి బిళ్ళకు రెండు స్టీలు మేకులు పెట్టా. మొదట రెండూ ఒకే వైపు పెడితే చెమటకే తడి అని చెప్పింది. ముందొకటి, వెనకొకటి పెట్టాక తగ్గింది. కరెంటు ఒకే దిక్కుగా పంపితే వారంలో మేకు తినేసింది, ఇప్పుడు అటూ ఇటూ మార్చి పంపుతున్నా.

అసలు తంటా ఏరేటర్లతో. ఎనిమిది తిరుగుతుంటే మోటార్‌సైకిల్ హారన్ కూడా షెడ్డులోకి వినపడదు. పైగా మోటారు లీకేజీ ఉంటే, నీళ్ళలో దూకిన మనిషికీ ప్రమాదమే. అందుకని హారన్ మోగగానే స్టార్టర్ల స్టాప్ బటన్ కూడా తెగేలా కలిపా. (ఇది చేసేవాళ్ళకు ఒక మాట: స్టార్టర్ కాయిల్ 415 వోల్టులదైతే మార్కెట్లో దొరికే చిన్న నీలం రిలే 250కే గనుక నేరుగా కలపొద్దు. మధ్యలో తగిన కాంటాక్టర్ ఒకటి ఉండాలి.)

ఏరేటర్లు ఆపేలా కలపడమే నా కొంప ముంచింది. ఒక రాత్రి రెండు దాటాక పాప బోర్లా పడుకుని, పైన వాళ్ళమ్మ చెయ్యి పడి, రేకుల షెడ్డులో మాట ఆగింది. హారన్, ఏరేటర్లు బంద్. వాళ్ళు లేచి చూస్తే పాప నిద్రలోనే ఉంది. హారన్ ఆపి పడుకున్నారు, స్టార్టర్లు మళ్ళీ వేయలేదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయి రొయ్య పైకి తేలింది. రైతు నన్ను పిలిపించి, "ఏమయ్యా, నా పంటతోనా నీ ఆటలు?" అన్నాడు. తిట్టాడు, తిట్టాల్సిందే. అదృష్టం కొద్దీ చచ్చింది కొద్దిగానే.

ఇప్పుడు షెడ్డు లోపల నాలుగో రిసీవర్ ఉంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఐదు దాకా హారన్ మోగుతుంది గానీ ఏరేటర్లు ఆగవు. వాటంతట అవే తిరిగి మొదలయ్యేలా మాత్రం పెట్టలేదు, ఎవరైనా నీళ్ళలో ఉంటే?

ఆ తిట్ల మధ్యలోనే గట్టు చుట్టూ చూశా. రోగాలు రాకుండా పీతలకు అడ్డంగా మోకాలెత్తు కంచె ఉంది, పిట్టలు వాలకుండా పైన తీగలున్నాయి. పీతకు కంచె ఉంది, పిల్లకు లేదు. అదే మాట అన్నా. ఆయన కాసేపు మాట్లాడలేదు. మర్నాడు పాత వల ఇచ్చాడు. షెడ్డు చుట్టూ నాలుగడుగుల ఎత్తున కట్టాం, గేటుకు గడియ బయటివైపు. గుంటకు నాలుగు మూలలా ముళ్ళు వేసిన తాళ్ళు, పాత టైర్లు దించాం.

హారన్ పెట్టె మీద ఒక కాగితం అంటించా: ముందు ఏరేటర్లు ఆపు, తాడు పట్టుకుని దిగు. ఊపిరి లేకపోతే మొదట నోటితో ఐదు శ్వాసలు, తర్వాత గుండె మీద నొక్కుడు, ఇంకొకరు 108కి ఫోను. కాళ్ళు పట్టి తలకిందులుగా తిప్పొద్దు, పొట్ట పిసకొద్దు.

ఏప్రిల్

మూడో నమూనాకు మూత ఉండేది. పాప పన్నుతో దాన్ని సగం లేపేసింది. బిళ్ళ సెల్లు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలి పుండ్లు పడతాయి. నీళ్ళ నుంచి కాపాడబోయి ఇంకో ప్రమాదం ఒంటికి కట్టానన్నమాట. నాలుగోది మూత లేకుండా మొత్తం గట్టిపడే ఎపాక్సీ జిగురులో పోతపోశా. సెల్లు అయిపోతే బిళ్ళ మొత్తం మార్చాల్సిందే. విడి సరుకులు ఒక్కోదానికి ఆరువందల దాకా పడుతున్నాయి.

పన్నెండు రోజుల్లో తప్పుడు కూతలు మూడు. రెండు స్నానం బటన్ మర్చిపోయి, ఒకటి నీళ్ళ తొట్టిలో కూర్చుని. ఆ తొట్టిది తప్పుడు కూత కాదంటుంది వాళ్ళమ్మ.

ఐదోది టేబుల్ మీద ఆరుతోంది. ఈసారి ఎపాక్సీలో బూడిద రంగు కలిపా. ఎర్రటి బిళ్ళను చాక్లెట్ అనుకుని రోజూ కొరుకుతోంది.