ముందు కలిసే గీతలే గీస్తాను

సమాంతర రేఖల పాఠం మొదలుపెట్టే రోజు నేను బోర్డు మీద సమాంతర రేఖలు గీయను. దాదాపు సమాంతరంగా కనిపించే రెండు గీతలు, వాటిని ఖండిస్తూ ఒక తిర్యగ్రేఖ గీస్తాను. ఎనిమిది కోణాలకూ నంబర్లు వేసి, సదృశ కోణాలు, అంటే రెండు ఖండన బిందువుల దగ్గరా ఒకే స్థానంలో ఉన్న కోణాల జతలు, ఏవో చెప్పమంటాను. "గీతలు సమాంతరంగా లేవు కదా సార్, సదృశ కోణాలు ఎలా ఉంటాయి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నాకు కావలసింది ఆ ప్రశ్నే. కోణం ఉన్న చోటును బట్టి ఆ పేరు. సమానమా కాదా అన్నది వేరే సంగతి.

తర్వాత ఒక సదృశ కోణాల జతను కోణమానినితో కొలవమంటాను. ఒకటి 70 డిగ్రీలు, రెండోది 64 అనుకోండి. గీతల్ని పొడిగిస్తే త్రిభుజం వస్తుంది, దాని కొసన కోణం 6 డిగ్రీలు. తిర్యగ్రేఖ మీద రెండు గీతల మధ్య దూరం 10 సెంటీమీటర్లయితే అవి 90 సెంటీమీటర్ల లోపే కలిసిపోతాయి. 64ను 69 చేయండి, కలిసే చోటు 5 మీటర్లు దాటిపోతుంది, బోర్డు చాలదు. మరి 70, 70 అయితే? కొసన కోణం సున్నా, అంటే త్రిభుజమే లేదు. ఇక్కడికొచ్చేసరికి సిద్ధాంతం పిల్లలే చెప్పేస్తారు.

అసలు తలనొప్పి విపర్యయంతో, అంటే సిద్ధాంతాన్ని తిరగేసి చెప్పడంతో. "సమాంతరాలైతే కోణాలు సమానం", "కోణాలు సమానమైతే సమాంతరాలు" రెండూ ఒకటేనని పిల్లల నమ్మకం. నిరూపణలో ఏది గుర్తొస్తే అది కారణంగా రాసేస్తారు. యూక్లిడ్‌కు మాత్రం ఇవి ఒకటి కావు. ఏకాంతర కోణాలు (తిర్యగ్రేఖకు చెరోవైపు, రెండు గీతల మధ్య ఉండేవి) సమానమైతే రేఖలు సమాంతరాలని 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకం 27వ ప్రతిపాదనలో ఐదో స్వీకృతం (ఒకే వైపు లోపలి కోణాల మొత్తం 180 డిగ్రీలకు తక్కువైతే గీతలు ఆ వైపు కలుస్తాయని నిరూపణ లేకుండా ఒప్పుకున్న మాట) జోలికి పోకుండానే నిరూపించాడు. తిరగేసి చెప్పడానికి 29వ ప్రతిపాదనలో మొదటిసారి దాన్ని వాడక తప్పలేదు. ఈ ముక్క పరీక్షకు రాదు, అయినా చెబుతాను. అందుకే ప్రతి లెక్కలోనూ ఏది ఇచ్చారో, ఏది చూపాలో ముందు రాయనిదే మార్కులు వేయను.

లంబ రేఖలకు గ్రాఫ్ కాగితం చాలు. కుడికి 3, పైకి 2 గడులు వెళ్లే గీత గీసి, కాగితాన్ని అపసవ్యంగా 90 డిగ్రీలు తిప్పాలి. కుడికి 3 కాస్తా పైకి 3 అయింది, పైకి 2 ఎడమకు 2 అయింది. వాలు (పైకి వెళ్లినదాన్ని కుడికి వెళ్లినదానితో భాగిస్తే వచ్చేది) 2/3 పోయి −3/2 వచ్చింది, రెంటి లబ్ధం −1. లంబ రేఖల సూత్రం ఇదే. ఆ వెంటనే x = 4, y = −1 రేఖలు ఇస్తాను. నిలువు గీతకు వాలు నిర్వచించలేం, సూత్రం పనిచేయదు, అయినా అవి లంబంగానే ఉన్నాయి. సూత్రం బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

ఫోన్‌లో గ్రాఫులు గీసి చూసేవాళ్లది ఇంకో గొడవ. y = 2x, y = −x/2 లంబంగా కనిపించడం లేదంటారు. రెండు అక్షాల స్కేలు ఒకటేనా అని చూడమంటాను. ఒక అక్షాన్నే సాగదీస్తే ఆ లంబకోణం చెడుతుంది కానీ సమాంతర రేఖలు సమాంతరంగానే ఉంటాయి. సమానమైన వాలులు రెండూ ఒకే లెక్కన మారతాయి మరి.