సౌత్ కెన్సింగ్టన్ సొరుగుల్లో మన లద్దె పురుగు

లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో దిగితే సొరంగ దారి నేచురల్ హిస్టరీ మ్యూజియం దాకా తీసుకెళ్తుంది. జనమంతా డైనోసార్ల వైపు నడుస్తారు. మేం వెళ్లింది డార్విన్ సెంటర్‌కి, 2009లో తెరిచిన పట్టుగూడు ఆకారపు ఎనిమిదంతస్తుల కట్టడానికి. సూదులకి గుచ్చి దాచిన పురుగుల సొరుగులు అక్కడ ముందే రాసి అనుమతి తీసుకున్నవాళ్లకే తెరుస్తారు. పొట్ట కోసి చూడాలంటే దానికి వేరే అనుమతి అడగాలి.

చూడాల్సింది రెండు రకాల మాత్‌లని, అంటే లద్దె పురుగు పెరిగి అయ్యే రెక్కల పురుగుల్ని. ఒకటి పొగాకు లద్దె పురుగు తల్లి, స్పొడాప్టెరా లిట్యూరా. కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 1775లో పెట్టిన పేరు, గుంటూరు మిరప రైతుకి పరిచయం అక్కర్లేని పురుగు. రెండోది ఆఫ్రికా, మధ్యధరా తీరాల్లో పత్తిని తినే లిట్టొరాలిస్. రెక్కల మీద రెండింటికీ అవే తెల్ల గీతలు, అదే గోధుమ రంగు అల్లిక. 1960ల్లో జననాంగాలు చూసి విడదీసేదాకా రెండూ ఒకే పేరుతో చలామణీ అయ్యాయి. అందుకే పాత లేబుళ్లలో ఈజిప్టు పురుగు కూడా "ప్రొడీనియా లిట్యూరా"యే (ప్రొడీనియా అన్నది స్పొడాప్టెరాకి అప్పటి పేరు).

ముందు లేబుళ్లు. ఒక్కో సూదికి మూడు నాలుగు ఉంటాయి: ఊరు, తేదీ, సేకరించినవారు, గుర్తించినవారు. తీసేముందే ఫోటో తీసి, తీసిన వరసలోనే ఫోమ్ మీద గుచ్చాలి. ఇత్తడి సూదుల్లోని రాగి, పురుగు కొవ్వుతో కలిసి ఆకుపచ్చ మైనంలా ఉబ్బుతుంది. అలాంటి సూదిని తిప్పితే రొమ్ము చీలిపోతుంది.

జననాంగాలు ఉండేది పొట్టలోనే, అసలు మోసమూ అక్కడే ఉంటుంది. విరిగిపడిన పొట్టని ఎవరో ఎప్పుడో జిగురుతో అతికించి ఉంటారు, అది ఆ పురుగుదే అన్న భరోసా లేదు. పది రెట్ల భూతద్దంతో అతుకు చూడాలి. తర్వాత వెనక రెక్క మొదట్లో ఉన్న ముల్లు చూడాలి. మగదానికి ఒక్కటే దృఢమైన ముల్లు, ఆడదానికి రెండు మూడు సన్నవి. ఒకే ముల్లున్న పురుగుకి ఆడ పొట్ట ఉంటే ఆ నమూనాని పక్కన పెట్టేయడమే.

పొట్టని కింది నుంచి పట్టకారుతో మెల్లగా పైకెత్తితే విడివడుతుంది. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో, వేడినీళ్ల గిన్నెలో పది నిమిషాలు. పాత నమూనాలకైతే చల్లగా రాత్రంతా ఉంచడమే మాకిష్టం, ఎందుకంటే వేడి ఎక్కువైతే పొరలు కరిగిపోతాయి, తక్కువైతే కొవ్వు వదలదు. నీళ్లలో సన్న కుంచెతో పొలుసులు తోసేస్తే మగదానిలో జక్స్టా అనే చిన్న పలక బయటపడుతుంది. రెండు జాతుల్లో దాని ఆకారమే వేరు. ఆడదానిలో వీర్యం చేరే సంచికి వెళ్లే నాళం, దాని ద్వారం సమాన పొడవుంటే లిట్టొరాలిస్, తేడా ఉంటే లిట్యూరా. స్లైడు మీద అద్దం గట్టిగా నొక్కితే జక్స్టా పక్కకి ఒరిగి తప్పు చెబుతుంది. ఆల్కహాల్‌లో నీరు పూర్తిగా పోకపోతే స్లైడుకి వాడే యూపరాల్ జిగురు పాలలా తెల్లబడుతుంది.

నీలగిరిలో తేయాకు తోటలు చూసుకుని, తర్వాత ఇక్కడే పనిచేసిన హాంప్సన్ 1892–96 మధ్య భారతదేశపు మాత్‌లపై నాలుగు సంపుటాలు రాశారు. ఆ వర్ణనల్లో రెక్కల రంగులు, నరాలే ఎక్కువ. ఇలాంటి కవలల దగ్గర అవి చాలవు.

స్లైడు నంబరుని అప్పటికప్పుడే పురుగు సూదికీ గుచ్చాలి, రేపటికి వాయిదా వేస్తే ఏ స్లైడు దేనిదో తేలదు. పాత పేరు తప్పైనా ఆ లేబుల్ తీయకూడదు. దాని కిందే కొత్త పేరు, చూసినవారు, సంవత్సరం రాసిన చీటీ చేరుతుంది. పురుగు వేరే సొరుగుకి మారితే ఖాళీ చోట ఎక్కడికి వెళ్లిందో రాసిన చీటీ ఒకటి పెట్టాలి.