పీఎస్ఎంలో నన్ను ముంచిన ప్రశ్న

రెండో ప్రయత్నంలో నీట్ పీజీ గట్టెక్కాను. ఫలితం వచ్చి మూడు రోజులైనా రాత్రిళ్లు లేచి మళ్లీ చూసుకుంటున్నాను. పీఎస్ఎం (నివారణ, సామాజిక వైద్యం)లో బయోస్టాట్ (వైద్య గణాంకాలు), స్క్రీనింగ్ గురించి మీకు చాలామంది చెప్పే ఉంటారు. నాకు ఒక్క ప్రశ్న గురించే చెప్పాలని ఉంది.

నిరుడు ఒక మాక్ టెస్టులో అడిగారు: ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం ఎలాంటి కారణం? ఆలోచించకుండా ‘ఆవశ్యకం’ (అది లేనిదే జబ్బు రాదు) అని పెట్టాను. నాలుగు మార్కులు రాకపోగా ఒకటి కోత. పొగ ముట్టనివారికీ ఆ జబ్బు వస్తుంది, కాబట్టి ఆవశ్యకం కాదు. జీవితమంతా తాగినా రానివారున్నారు, కాబట్టి పర్యాప్తమూ (అదొక్కటే చాలు అనదగ్గది) కాదు. మరి కారణమే కాదా?

నాన్న గణితం మాస్టారు. “ఆవశ్యక, పర్యాప్త నియమాలు తప్పించుకోవడానికే బైపీసీలో చేరావు” అని నవ్వారు. చివరికి నా చేయే పాఠం చెప్పింది. ఇంటర్న్‌షిప్‌లో చేతికి వేసిన మాంటూ (క్షయ క్రిమి సోకిందేమో చూసే చర్మపరీక్ష) నాకు పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రే శుభ్రం, దగ్గు లేదు. (బీసీజీ టీకా వల్ల కావచ్చు కదా అంటారా, ఒప్పుకుంటాను.) జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882లో ప్రకటించిన ఆ క్రిమి లేనిదే క్షయ రాదు, ఉన్నంత మాత్రానా రాదు. సోకినవారిలో జీవితకాలంలో జబ్బుపడేది 5–10 శాతమే. పోషకాహార లోపమో, మధుమేహమో, హెచ్‌ఐవీయో, అలాంటిదింకేదో తోడవ్వాలి. క్రిమి ఒక్కటే కారణం కాదని చూపడానికి 1892లో మ్యూనిక్‌లో వైద్య శాస్త్రవేత్త పెటెన్‌కోఫర్ కలరా క్రిములను తాగి కొద్దిపాటి విరేచనాలతో బయటపడ్డాడు. క్రిమి ఒక్కటే చాలదన్నంతవరకు ఆయన మాట నిజమే. మిగిలిన కారణం నేల మట్టిలో ఉందని ఆయన అనుకోవడమే పొరపాటు.

జబ్బుల కారణాలను అధ్యయనం చేసే రోత్‌మన్ 1976లో చూపిన వలయాలు (ఒక్కో కారణం ఒక్కో ముక్కగా ఉండే వృత్తాలు) గీసుకున్నాక ముడి వీడింది. ముక్కలన్నీ చేరి నిండిన వలయమే పర్యాప్త కారణం. ఒకే జబ్బుకు అలాంటి వలయాలు ఎన్నో ఉండవచ్చు. అన్నింటిలోనూ కనిపించే ముక్క ఆవశ్యకం. పొగ కొన్నింటిలోనే ఉంటుంది, అయినా కారణమే.

మిగతా సబ్జెక్టులు అందరిలాగే చదివాను, రోజూ చదివాను. ఒక్క రోజు కూడా మానకపోవడం చిన్న సంగతి కాదు, మీరూ మానకండి.

మొదటిసారి పోయినప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే తీర్పు: ఫోను. నేను ఊరుకుంటానా? నైట్ డ్యూటీలు, నిద్రలేమి, ఆలస్యంగా మొదలుపెట్టడం అన్నీ గీసి, ఫోను ఒక ముక్క మాత్రమేనని వాదించాను. ఇప్పటికీ అదే అంటాను. నాన్న అంతా విని, “సరే, ఆ ఒక్క ముక్క తీసేస్తే వలయం నిండుతుందా?” అని అడిగారు.

ఆ రాత్రే ఫోను ఆయన బీరువాలోకి వెళ్లింది.