బ్యాలెన్స్ బోర్డు మీద నిలబడి పని

స్టాండింగ్ డెస్క్ కొన్నాక నడుము నొప్పి తగ్గింది కానీ, సాయంత్రానికి పిక్కలు లాగేసేవి. కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి నిలిచిపోతుంది. పిక్కల కండరాలు బిగిసి వదులైన ప్రతిసారీ దాన్ని పైకి, గుండె వైపు తోస్తాయి. అంటే నిలబడటం ఒక్కటే చాలదు, పాదాలు కదలాలి. అందుకే బ్యాలెన్స్ బోర్డు, అంటే ఎక్కి నిలబడితే కాళ్ల కింద ఊగే చెక్క పలక, తెచ్చుకున్నాను.

ఎక్కగానే ముందు చీలమండలకు పని పడుతుంది. బరువు ఒక పక్కకు ఒరిగితే కాలి బొటనవేలు చెక్కను అదిమి పట్టుకుంటుంది, మోకాళ్లు కొద్దిగా వంగుతాయి, పొట్ట దానంతటదే బిగుస్తుంది. ఉత్త కాళ్లతో ఎక్కితే ఇదంతా ఇంకా బాగా తెలుస్తుంది. నన్నడిగితే డెస్క్ దగ్గరికి అన్ని వైపులా ఒరిగే గుండ్రటి బోర్డు కన్నా, అటూ ఇటూ మాత్రమే ఊగే రాకర్ బోర్డు నయం. గొట్టం మీద దొర్లే రకం అసలు వద్దు.

బోర్డు ఎంత ఎత్తుంటే డెస్క్ కూడా అంత లేపాలి, లేదంటే మెడ వంగిపోతుంది. కాల్స్‌లో ఉన్నప్పుడు, మెయిల్స్ చదివేటప్పుడు హాయిగా ఉంటుంది. మౌస్‌తో సన్నపని ఉంటే దిగిపోతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని చెప్పింది. బోర్డును నేను ఆ లెక్కలో వేసుకోను, సాయంత్రం నడక మానలేదు.

అమ్మ కూడా ఎక్కుతానంటోంది. ఆ వయసులో పడితే తుంటి ఎముకకే ముప్పు కాబట్టి, ఫిజియోథెరపిస్ట్‌ని అడిగాకే.